చదువు ఏ కార్యక్రమం వల్ల వచ్చింది?

కంకరమిట్ట ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు చదవడం వచ్చేసిందన్న సంగతి డిసెంబరు మొదటి వారంలో బయటికి పొక్కింది. హెడ్మిస్ట్రెస్ సువార్త తన చేతనైనంత వరకు దాన్ని దాచింది. కానీ నవంబరులో ఎవరో బయటి సంస్థవాళ్లు సర్వే అంటూ వచ్చి, ఒక్కొక్క పిల్లను పిలిచి, పుస్తకం చేతిలో పెట్టి చదవమంటే, ఆ పిల్లలు వెనకా ముందూ చూసుకోకుండా గడగడా చదివేశారు. పసిపిల్లలు, లోకజ్ఞానం ఎక్కడినుంచి వస్తుంది?

జిల్లా మొత్తం మీద చదవడంలో కంకరమిట్టకు మొదటి స్థానం వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు సువార్తకు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

సంతోషించాల్సిన చోట ఈ దిగులేమిటంటారా? ఆమెకు ఇరవై రెండేళ్ల సర్వీసు. చదువు రాని బడి జోలికి ఎవరూ పోరని, వస్తోందని పేరు పడ్డ బడిని మాత్రం అధికారుల జీపులు వదిలిపెట్టవని ఆమె కళ్లారా చూసింది. పైగా ఆ బడి మామూలు బడి కాదు. పట్నం శివార్లలో, ఇటుక బట్టీలకూ రేకుల ఫ్యాక్టరీకీ మధ్య రెండు గదులు, ఒక వరండా. అందులో ఎనభై రెండు మంది పిల్లలు, వాళ్ల ఇళ్లలో ఏడు భాషలు. తండా పిల్లలు లంబాడీ మాట్లాడతారు. బీదరు వైపు నుంచి వచ్చినవాళ్లది కన్నడం కలిసిన ఉర్దూ. నాందేడు వాళ్లున్నారు, బీహారు వాళ్లున్నారు, బట్టీల్లో పనికి ప్రతి ఏడూ పడమటి ఒడిశా నుంచి దిగేవాళ్లున్నారు, రేకుల ఫ్యాక్టరీలో బెంగాలీలున్నారు. మిగిలిన కొద్దిమందికి తెలుగు వచ్చు. టీచర్లు ఇద్దరు, సువార్త, జంగయ్య. కార్యక్రమాలు పద్నాలుగు.

ఒక్కో కార్యక్రమానికి ఒక రిజిస్టరు, ఒక ఫ్లెక్సీ, ఒక యాప్, వారంలో ఒక పూట. సోమవారం పొద్దున ‘పఠన ప్రభంజనం’ ప్రతిజ్ఞ, మధ్యాహ్నం ‘గణిత గర్జన’ ఊరేగింపు. మంగళవారం ‘నా మొక్క – నా మేధ’. బుధవారం ‘కడిగిన చేయి’. అంటే చేతులు కడుక్కునే ముందు ఒక ఫొటో, కడుక్కున్నాక ఒక ఫొటో. గురువారం ‘బహుభాషా బృందగానం’, అందులో ఏడు భాషల పిల్లలూ కలిసి ఒక తెలుగు పాట పాడాలి. శుక్రవారం ‘నవ్వుల బడి’. ఎంతమంది నవ్వారో పన్నెండు గంటల్లోపు యాప్‌లో ఎక్కించకపోతే ఆ వారం ఎవరూ నవ్వనట్టే. శనివారం, ఆ వారంలో మిగిలిపోయినవన్నీ.

మరి చదువెప్పుడు చెప్పేవారంటే, మధ్యమధ్యలో సందు దొరికినప్పుడు. ముఖ్యంగా మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండో గంట కొట్టేలోపు ఉండే ఆ ముప్పావు గంట. ఆ సమయానికి ఏ కార్యక్రమమూ హక్కుదారు కాదు. అప్పుడు బడిలో ఒక ఆనవాయితీ నడిచేది. కొత్తగా ఎవరు చేరినా, వాళ్లకు సరిగ్గా ముందు చేరినవాళ్లే చదువు చెప్పాలి. పాతవాళ్లు చెప్పకూడదు, తెలివైనవాళ్లు చెప్పకూడదు, అంతకు ముందు కొత్తగా ఉన్న పిల్లే చెప్పాలి. ‘అ’ అంటే ఏమిటో తెలియని బాధ ఎలా ఉంటుందో ఆ పిల్లకు ఇంకా గుర్తుంటుంది కాబట్టి. ఈ పద్ధతి సువార్త ఎక్కడా చదివి నేర్చుకున్నది కాదు. ఏడు భాషలు తనకు రావు, అందుకని పుట్టింది.

నవంబరు చివర్లో, సర్వేవాళ్లు వెళ్లిపోయాక, సుకాంతి వచ్చింది. పదేళ్ల పిల్ల, ఒడిశా నుంచి. నాన్న ఘాసీరామ్, అమ్మ ఇద్దరూ బట్టీలో ఇటుకలు కోస్తారు. ఆ పిల్ల అంతకు ముందు బడి మొహం చూడలేదు. పోయిన ఏడు తిరిగి వెళ్లేటప్పుడు రైల్వే స్టేషన్లో బోర్డులు చదవడం రాక, సుకాంతి ఒక బండి, అమ్మానాన్నలు ఇంకో బండి ఎక్కారట. రెండు రోజులు తప్పిపోయింది. ఆ సంగతి సువార్తకు సైగలతో, వచ్చీరాని హిందీతో చెప్పి, బట్టీ మూసేలోపు తనకు చదవడం రావాలంది. బట్టీ మూసేది మే నెలలో. అంటే ఆ పిల్లకు ఉన్నది ఐదు నెలలు. అంతకు ముందు చేరిన రుఖియా, బీదరు పిల్ల, తొమ్మిదేళ్లది, వంటగది అరుగు మీద పలక పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

అంతలో జిల్లా విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి పేరాలో అభినందనలు. రెండో పేరాలో ఇలా ఉంది: ‘పై ఫలితము ఏ కార్యక్రమము వలన సిద్ధించినదో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను. లేనియెడల తగు చర్య తీసుకొనబడును.’

మండల విద్యాధికారి ఎల్లాగౌడ్ ఫోన్ చేశాడు. మనిషి మంచివాడే, కానీ పై నుంచి కాగితమొస్తే ఒళ్లంతా చెమటలు పడతాయి.

“మేడం, మంచిగ చేసిండ్రు. అయిపోయింది. ఇప్పుడు దీన్నెట్ల సంబాళిద్దాం?”

“సంబాళించుడేంది సార్? పిల్లలకు చదువు చెప్పినం, వచ్చింది. గదే రాస్త.”

“గట్ల రాయకుండ్రి మేడం, మీకు దండం పెడ్త!”

సువార్త అలాగే రాసింది. ‘చదువు చెప్పడం వల్ల’ అని మూడే మాటలు. నాలుగో రోజున కాగితం తిరిగి వచ్చింది, పక్కన ఎర్ర సిరాతో ఒక వాక్యం: ‘ఇట్టి పేరు గల కార్యక్రమమేదియు జిల్లాలో అమలులో లేదు.’

ఆ తర్వాత వారమంతా బడి ముందు దుమ్ము అణగలేదు. పద్నాలుగు కార్యక్రమాల సమన్వయకర్తలూ ఒకరి వెంట ఒకరు దిగారు. ‘కడిగిన చేయి’ ఆయన, చేతులు శుభ్రంగా ఉంటే పేజీలు ఒకదానికొకటి అంటుకోవని, అందువల్లే పిల్లలు ఒక పేజీ కూడా వదలకుండా చదివారని తేల్చాడు. ‘నా మొక్క – నా మేధ’ ఆవిడ వరండాలోని రెండు తులసి కుండీలను చూపించి, ప్రాణవాయువు లేనిదే పఠనం ఎక్కడిదని నిలదీసింది. ‘నవ్వుల బడి’ ఆయన మాత్రం ఎవరితోనూ నవ్వకుండా, తన ఫ్లెక్సీని ‘గణిత గర్జన’ ఫ్లెక్సీ మీద కట్టించి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ ఇద్దరు సమన్వయకర్తలూ గేటు దగ్గర చొక్కాలు పట్టుకున్నారు. జంగయ్య విడదీయబోయి వాచీ పగలగొట్టుకున్నాడు.

ఈ తగవు తీర్చడానికి జిల్లా కేంద్రం నుంచి డాక్టర్ పరాంకుశం వచ్చాడు. ఆయన హోదా ‘జిల్లా ఫలితాల ఆపాదన అధికారి’. ఏ ఫలితం ఏ కార్యక్రమానికి చెందుతుందో నిర్ణయించడమే ఆయన పని. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని రెండుసార్లు తుడిపించుకున్నాడు.

“మేడమ్, ఫలితమనేది గాలిలోంచి ఊడిపడదు. దానికొక మాతృ కార్యక్రమం ఉండి తీరాలి. తల్లి లేని ఫలితాన్ని శాఖ గుర్తించజాలదు.”

“పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటరు సార్. ముందొచ్చినోళ్లు ఎనకొచ్చినోళ్లకు.”

పరాంకుశం ముఖం గంభీరంగా మారిపోయింది. “అదే కల్తీ. ఒక కార్యక్రమపు పిల్ల ఇంకో కార్యక్రమపు పిల్లకు నేర్పితే, ఆ జ్ఞానం ఎవరి ఖాతాలోకి వెళ్లాలి? ఇన్నాళ్లుగా ఇక్కడ అక్రమ అభ్యసనం జరుగుతోందన్నమాట. తక్షణం ఆపు చేయండి.”

జనవరి నుంచి కొత్త ఏర్పాటు మొదలైంది. ఎనభై రెండు మందినీ పద్నాలుగు కార్యక్రమాలకు పంచారు. ఒక్కో పిల్లకు ఒక్కో రంగు బిళ్ల. చేతులు కడిగే పిల్లలు చేతులు కడగడం ద్వారానే చదువు నేర్చుకోవాలి, మొక్కల పిల్లలు మొక్కల ద్వారానే. జ్ఞానం ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు పాకకుండా గదిలో సుద్దగీతలు గీశారు. గీత దాటి మాట్లాడిన పిల్లల పేర్లు ‘సంక్రమణ రిజిస్టరు’లో రాయాలి. రుఖియాకు నీలం బిళ్ల వచ్చింది, కడిగిన చేయి.

సుకాంతి ఒక్కర్తే మిగిలింది. ఆ పిల్లకు ఆధార్‌లో ఏదో తేడా ఉండి, యాప్ లోపలికి రానివ్వలేదు. యాప్‌లో లేని పిల్లను ఏ కార్యక్రమంలో కలుపుతారు? సువార్త ఆ ఇబ్బంది చెప్పుకోగానే పరాంకుశం కళ్లు మెరిశాయి.

“అద్భుతం మేడమ్! నేను వెతుకుతున్నది ఇలాంటి పిల్ల కోసమే. ఈమె మన తులనాత్మక బాలిక. శాస్త్రీయంగా చెప్పాలంటే మన సున్నా. ఈమెకు ఏ కార్యక్రమమూ వర్తించదు, ఎవరూ ఏమీ నేర్పరు. ఏప్రిల్లో ఈమెకు ఏమీ రాలేదని రుజువైతే, మిగతావాళ్లకు వచ్చింది కార్యక్రమాల వల్లేనని రుజువవుతుంది.”

“చెప్పకపోతే రాదని వేరే రుజువు చెయ్యాల్నా సార్?”

“శాస్త్రం ఊహల మీద నడవదు మేడమ్.”

“ఆ పిల్ల మే నెలల ఎల్లిపోతది సార్. గా లోపల చదవడం నేర్చుకోవాల్నని ఆశ పడ్తున్నది. జర దాన్ని ఇడిసిపెట్టి ఇంకేదన్న చూడుండ్రి.”

“ఆశ పడుతున్నదా?” అని పరాంకుశం కంగారుగా, వెంట వచ్చిన ఎల్లాగౌడ్ వైపు తిరిగాడు. “అయితే ప్రమాదమే. ఒక నిరోధక పరిశీలకుణ్ని వేయాల్సి ఉంటుంది.”

సువార్తకు ఒళ్లు మండిపోయింది. కానీ బడిని హైవే అవతలి బడిలో కలిపేస్తామన్న మాట అప్పటికే రెండుసార్లు వినిపించింది. లారీలు తిరిగే ఆ హైవే దాటి ఈ పిల్లల్లో సగంమంది కూడా వెళ్లరు. అందుకని నోరు మూసుకుంది. సుకాంతిని వంటగది అరుగు మీద విడిగా కూర్చోబెట్టారు. అక్కడి గోడ మీది అక్షరాలకు సున్నం కొట్టారు. నూనె డబ్బాలనూ బియ్యం సంచులనూ రాత కనిపించకుండా తిప్పి పెట్టారు. వంటామె తన చీర అంచుకున్న కంపెనీ పేరు లోపలికి మడుచుకుని కుట్టుకోవలసి వచ్చింది.

మొదటి రోజు సుకాంతి ఏడ్చింది. పలక ఎందుకు లాక్కున్నారో ఆ పిల్లకు ఏ భాషలో చెప్పాలో సువార్తకు తోచలేదు. ఏ భాషలో చెప్పినా అర్థమయ్యే సంగతి కాదది.

నిరోధక పరిశీలకుడి పేరు దక్షిణామూర్తి. రిటైరైన సర్వే శాఖ గుమాస్తా, తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు. ఆయన జీవితంలో ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీ వదలలేదని పేరు. ఆయన చేతికి ‘అభ్యసన రాహిత్య దినపత్రం’ అని ఒక ఫారం ఇచ్చారు. సుకాంతికి ఏమేం రావో ప్రతి రోజూ అందులో నమోదు చేయాలి. దాని పద్ధతి ఇలా ఉంది. యాభై ఆరు అక్షరాలనూ ఒక్కొక్కటిగా పిల్లకు చూపించాలి. పిల్ల జవాబు రాసుకోవాలి. జవాబు తప్పైతే, సున్నా పదిలంగా ఉన్నట్టు టిక్కు పెట్టాలి. చివరి గడి నైతిక నియమావళికి సంబంధించింది: ‘పరిశోధనకు లోనైన బాలికను అజ్ఞానంలో ఉంచుట అనైతికము గనుక, సరైన జవాబు తెలియజేసి, అర్థమైనదని నిర్ధారించుకొనవలెను.’

దక్షిణామూర్తి ఒక్క గడి కూడా వదలలేదు. అరుగు మీద చాప వేసుకుని, పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా అక్షరాలు చూపించేవాడు.

“ఇదేందమ్మా?”

సుకాంతి అడ్డంగా తల ఊపేది.

“రాదు. మంచిది.” టిక్కు పెట్టేవాడు. “ఇది ‘క’. కలం లోని ‘క’. అర్థమైందా? అర్థమైనట్టు నువ్వొకసారి అను.”

“క.”

“ఆ. నేను నిర్ధారించుకున్న.”

మూడు వారాలు గడిచేసరికి టిక్కులు తగ్గాయి. దక్షిణామూర్తికి నిద్ర పట్టడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఫారాల కట్ట పట్టుకుని సువార్త దగ్గరికి వచ్చాడు.

“మేడం, నా సర్వీసుల ఇట్లాంటి ఓటమి ఎరుగ. ఆ పిల్ల నేర్చుకుంటున్నది. నేను ఎంత మంచిగ ఆపితే అంత మంచిగ నేర్చుకుంటున్నది.”

“పైకి రాయుండ్రి సార్,” అంది సువార్త. ఆమెకు లోపల్లోపల పండగలా ఉంది. కానీ ముఖం కదలనివ్వలేదు.

ఆయన నిజాయితీగా రాశాడు. జవాబు వెంటనే వచ్చింది: ‘నిఘా చాలలేదని తెలియుచున్నది. ఇకపై పరీక్షను దినమునకు రెండు పర్యాయములు జరుపవలెను. అక్షరములతో పాటు పదములు, వాక్యములు కూడ రావని నిర్ధారించవలెను.’

ఫిబ్రవరి నుంచి పొద్దుట అక్షరాలు, మధ్యాహ్నం పదాలు. నెలాఖరుకు వాక్యాలు. మార్చిలో మూడో తరగతి వాచకం మొత్తం రాదని నిర్ధారించుకోవాల్సి వచ్చింది. రోజుకొక పాఠం చొప్పున, చదివించి, తప్పులు రాసుకుని, సరైనది చెప్పి, అర్థమైందో లేదో చూసుకుని నిర్ధారించుకున్నారు. బడి మొత్తంలో నికరంగా ఒకరి ఎదురుగా కూర్చుని రోజుకు నాలుగు గంటలు చదువుకుంటున్నది ఎవరయ్యా అంటే, చదువు నేర్పకూడదని ఉత్తర్వున్న ఆ ఒక్క పిల్లే.

మిగిలిన ఎనభై రెండు మంది ఎలా ఉన్నారంటే, గీతల మధ్య ఉన్నారు. నీలం బిళ్ల పిల్లలు రోజూ చేతులు కడిగి కడిగి వేళ్లు ముడతలు పడి కూర్చునేవారు. మొక్కల పిల్లలు తులసి ఆకులు లెక్కపెట్టేవారు. ఆ ముప్పావు గంట కూడా పోయింది, ఎందుకంటే బిళ్లల ఫొటోలకు ఆ సమయమే కేటాయించారు. జనవరిలో ఇద్దరు పిల్లలు ఊరొదిలి పోతే వాళ్ల చోట్లో చేరిన ఇద్దరు బెంగాలీ పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెబితే సంక్రమణం. అంతకు ముందు గడగడా చదివినవాళ్లు కూడా ఇప్పుడు మాట మాటకీ ఆగుతున్నారని జంగయ్య చెప్తే, సువార్త వినీ విననట్టు ఊరుకుంది. తన చేతుల్తోనే సుద్దగీతలు గీసినందుకు ఆమెకు తన మీద తనకే రోతగా ఉండేది.

పిల్లలు మాత్రం ఊరుకోలేదు. మార్చి మొదట్లో రుఖియా బిళ్ల తీసి సువార్త బల్ల మీద పెట్టింది.

“టీచర్, నేను గూడ సున్నా అయిత.”

“ఎందుకే?”

“సున్నాకు దినాం పాఠం చెప్తుండ్రు. మాకు సబ్బు ఇస్తుండ్రు.”

మర్నాడు రుఖియా అమ్మ వచ్చింది, ఆమె వెనకే తండా నుంచి నలుగురు, బట్టీ నుంచి ఇద్దరు. “మా పిల్లను గూడ సున్నాల ఏయుండ్రి మేడం, మేమేం పాపం చేసినం? ఆ ఒడిశా పిల్ల ఒక్కదానికే ఒక సార్‌ను పెట్టిండ్రు. మా పిల్లలు పిల్లలు కాదా?” అని రుఖియా అమ్మ నిలేసింది. సువార్త ఆ విన్నపాలన్నీ పైకి పంపింది. జిల్లా నుంచి వచ్చిన సమాధానం క్లుప్తంగా ఉంది: ‘పాఠశాలకు సున్నా స్థానము ఒక్కటియే మంజూరైనది. అదనపు సున్నాలకు ఆస్కారము లేదు.’

ఏప్రిల్ రెండో వారంలో పరాంకుశం తుది కొలతకు వచ్చాడు. ఎల్లాగౌడ్ కూడా వచ్చాడు, కొబ్బరి నీళ్లు పట్టుకుని. ముందు ఎనభై రెండు మందినీ చదివించారు. నవంబరు సర్వేలో వచ్చిన అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే, ఒక్క కార్యక్రమం కూడా పైకి కదల్లేదు. కొన్ని కిందికి జారాయి. పరాంకుశం ముఖంలో తొణుకూ బెణుకూ లేదు.

“స్థిరత్వం అన్నది కూడా ఒక విజయమే. సున్నాతో పోల్చి చూస్తే వీళ్లు ఎంతో ఎత్తున ఉంటారు. సున్నాను పిలవండి.”

సుకాంతి వచ్చింది. రెండు జడలు గట్టిగా వేసుకుంది. పరాంకుశం మూడో తరగతి వాచకం ఎక్కడో మధ్యలో తెరిచి ఇచ్చాడు. సుకాంతి ఆ పేజీ చదివింది. ఇంకో పేజీ తిప్పాడు. అదీ చదివింది. దక్షిణామూర్తి అలవాటు కొద్దీ “ఆ, నేను నిర్ధారించుకున్న” అన్నాడు. పరాంకుశం ఆయన వైపు ఒక చూపు చూసి, తన ఫైలులోంచి ఒక ఉత్తర్వు తీసి ముందు పెట్టాడు. పుస్తకం బట్టీ పట్టినా పట్టి ఉండవచ్చు, ఉత్తర్వులు ఎవరూ బట్టీ పట్టరు.

“ఇందు... మూలముగా,” అని కూడబలుక్కుంది సుకాంతి, “సమస్త... పాఠశాలలకు... తెలియ... జేయునది... ఏమనగా.” ఆ పైన మాటలు కుదురుకున్నాయి. మొత్తం కాగితం, కింద కాపీలు ఎవరెవరికో అన్న జాబితాతో సహా, చదివి తలెత్తింది.

సువార్తకు లేచి ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది.

“పిల్ల చదివింది సార్,” అన్నాడు ఎల్లాగౌడ్ చిన్నగా.

“చదివింది. నేను విన్నాను. వినడం వేరు, నమోదు వేరు.” పరాంకుశం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మీరు దీని తీవ్రత గ్రహించినట్టు లేదు. కార్యక్రమాల్లో ఉన్న పిల్లలు ఉన్నచోటే ఉన్నారు. ఏ కార్యక్రమమూ లేని పిల్ల మూడు తరగతులు దాటింది. దీన్ని ఇలాగే రాస్తే లెక్క ఏమవుతుంది? పద్నాలుగు కార్యక్రమాలూ పిల్లల చదువుకు అడ్డుపడుతున్నాయని అవుతుంది. అది అసంభవం. అసంభవమైనదాన్ని శాఖ నమోదు చేయదు.”

“మరి ఈ పిల్లకు వచ్చిన చదువు?”

“ఏ కార్యక్రమం వల్ల వచ్చింది? ఏదీ కాదు. కార్యక్రమం లేకుండా వచ్చినది చదువు కిందికి రాదు మేడమ్. సున్నా సున్నాగానే ఉండాలి. సున్నా కదిలితే జిల్లాలో ఏ అంకె కూడా నిలబడదు.” ఆయన ఫారం తిప్పి సువార్త ముందుకు జరిపాడు. తులనాత్మక బాలిక, పఠన స్థాయి: శూన్యం. కింద హెడ్మిస్ట్రెస్ సంతకానికి చోటు.

“నేను చెయ్య సార్.”

“చేయకపోతే మీ బడికి ప్రతికూల ప్రగతి అని వస్తుంది. అలా వచ్చిన బడిని జూన్‌లో హైవే అవతలి బడిలో విలీనం చేయాలని నియమం ఉంది. ఆ నియమం నేను పెట్టింది కాదు.”

సువార్త కిటికీలోంచి చూసింది. అవతల రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. వరండాలో ఎనభై రెండు మంది బిళ్లలు పెట్టుకుని, ఎవరి గీతలో వాళ్లు కూర్చున్నారు. ఆమె పెన్ను తీసింది. తీసినందుకు ఆమెను మీరేమన్నా అనవచ్చు. ఆమె తనను తాను అంతకంటే ఎక్కువే అనుకుంది. సంతకం చేసింది. పరాంకుశం ఆ సాయంత్రమే సున్నాను భద్రంగా పై ఆఫీసుకు పంపించాడు. దక్షిణామూర్తికి విధి నిర్వహణలో అంకితభావానికి ప్రశంసాపత్రం ఇవ్వాలని సిఫారసు చేశాడు.

ఆ ఏడు ఎండలు ముదిరి బట్టీ ముందే మూశారు. బడికి సెలవులిచ్చే రోజు పొద్దున ఘాసీరామ్ తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డాడు, పక్కన సుకాంతి. ఆయనకు తెలుగు రాదు. సుకాంతే చెప్పింది.

“టీచర్, మా ఊళ్ల బడికి పోత. నాకెంత చదువొచ్చిందో కాగితం ఇయ్యమంటున్నడు నాన్న. కాగితం లేకుంటే చిన్నపిల్లల్ల కూసోపెడ్తరంట. లేకుంటే బట్టీకే.”

సువార్త కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు పెనుగులాడింది. తులనాత్మక బాలిక కింద జిల్లావాళ్లే ఎక్కించిన ఆ పిల్ల వివరాల్లో పఠన స్థాయి అన్న గడిని మార్చబోతే, అది మారలేదు. జిల్లా స్థాయిలో ఖరారైందని చూపిస్తోంది. చేత్తో రాసిచ్చిన కాగితాలు చెల్లవని రెండేళ్ల కిందటే ఉత్తర్వు ఉంది. చివరికి ఆ మిషనులోంచి ఏది వస్తే అది బయటికి తీసి, సీలు వేసి, ఆ తండ్రి మొహం చూడకుండా చేతికిచ్చింది.

ఘాసీరామ్ ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. తలకిందులుగా పట్టుకుని కాసేపు మురిపెంగా చూసి, కూతురి చేతికిచ్చి, చదివి వినిపించమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

“వద్దులే సుకాంతీ, ఇంటికి పోయినంక...” అని సువార్త లేవబోయింది.

కానీ ఆ పిల్ల అప్పటికే మొదలుపెట్టింది. గుమ్మంలో నిటారుగా నిలబడి, ఎక్కడా తడబడకుండా, కామా దగ్గర ఆగి, ఫుల్‌స్టాపు దగ్గర ఇంకాస్త ఆగి చదివింది.

“కంకరమిట్ట ప్రాథమిక పాఠశాలలో ఉన్న కుమారి సుకాంతికి, వయసు పది సంవత్సరాలు, చదవడం గానీ రాయడం గానీ రాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.”

ఘాసీరామ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. తన కూతురు సర్కారు కాగితాన్ని సర్కారు టీచరు ముందు నిలబడి గడగడా చదువుతోందన్నది మాత్రం అర్థమైంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం రాశారని తన భాషలో అడిగాడు కాబోలు, సుకాంతి కాగితం వైపు ఒకసారి, టీచరు వైపు ఒకసారి చూసి, నాలుగైదు మాటలు చెప్పింది. ఘాసీరామ్ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. సువార్తకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆ దండం తీసుకోవడానికి సువార్తకు చేతులు రాలేదు. తల కొట్టేసినట్టు నిలబడింది.

“ఏం చెప్పినవ్ నాన్నకు?” అని అడిగింది.

“నాకు చదవడం వచ్చని రాసిండ్రని చెప్పిన,” అంది సుకాంతి. “అండ్ల తప్పు రాసిండ్రు గద టీచర్. నేను దిద్ది చెప్పిన.”